నాలుగు వేళ్ళ పొట్టి కర్టెన్లు

మార్చి 4, మంగళవారం

ఇవాళ్టి నుంచి వ్యాన్‌లో పడుకుంటున్నాను. నన్నెవరూ గెంటలేదు. "మీ మొహం చూస్తే ఒళ్ళు మండుతోంది, కొన్నాళ్ళు ఎక్కడైనా ఉండండి" అని మా ఆవిడ అన్న మాట నిజమే. ఎక్కడైనా అంటే ఎక్కడైనా అనేగా. గేటు ముందు ఆగి ఉన్న మన సొంత బండి కూడా అందులోకే వస్తుంది.

పైగా ఇది మామూలు బండి కాదు, క్యాంపింగ్ బండి. వెనక రెండు వరసల సీట్లూ ఊడదీసి చెక్కలు పరిచి పరుపు వేసింది నేనే. ఏడాదికి రెండుసార్లు ముగ్గురం సరస్సు ఒడ్డుకి వెళ్ళి రెండు రోజులు ఉండి వచ్చేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కణ్ణే క్యాంపింగ్‌కి వచ్చాను. ఇంటికి ఆరడుగుల దూరంలో. గాలి బాగా తగులుతోంది.

నేను చేసిన ఘోరమైన నేరం ఏమిటో కూడా రాసిపెట్టుకుంటాను, రేపు ఎవరైనా న్యాయమూర్తి అడిగితే చూపించొచ్చు. ఆవిడ రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. ముక్క తీసి పరీక్షకి పంపారు. ఇరవై ఒకటో తేదీన రిపోర్టు. "అప్పటిదాకా ఎవ్వరికీ చెప్పకండి. పిల్లకి పరీక్షలయ్యాక నేనే చెప్పుకుంటాను" అంది. నేను మా అక్కయ్యకి చెప్పాను. ఒక్క మనిషికి! ఒక్క మనిషికి చెప్పడాన్ని లోకంలో ఎవరూ టముకు వేయడం అనరు. కాకపోతే ఆ ఒక్క మనిషినీ చిన్నప్పటి నుంచి ఇంట్లో మైకు అని పిలుస్తాం.

సాయంత్రానికి పదిహేడు ఫోన్లు వచ్చాయి. పద్దెనిమిదోది హాస్టల్ నుంచి మా అమ్మాయి. ఏడుస్తూ.

మార్చి 5, బుధవారం

పొద్దున్నే కళ్ళు తెరిచేసరికి అద్దానికి ముక్కు ఆనించి ఒక మొహం. గుండె ఆగినంత పనైంది. ఎదురింటి మాస్టారు. బళ్ళో డ్రిల్లు చెప్పి రిటైరయ్యాడు కానీ, వీధి మొత్తానికి డ్రిల్లు చెప్పడం మానలేదు.

"ఏమయ్యా, బండిలో పడుకున్నావ్?"

"క్యాంపింగ్ సార్."

"ఇక్కడా?"

"ప్రాక్టీసు."

ఆయన చాలాసేపు తల ఊపాడు. అద్దం మీద ముక్కు ముద్ర పడింది. తుడిచాను. పాలు తెచ్చుకునేవాళ్ళు, బడికి వెళ్ళే పిల్లలు, కుక్కని తిప్పుకునేవాళ్ళు, అందరూ తొంగి చూసి వెళ్తున్నారు. లుంగీలో పడుకున్న మనిషిని ఇంతకు ముందెప్పుడూ చూడలేదు కాబోలు. నేనేం జూలోంచి వచ్చానా?

కర్టెన్లు కావాలి. రేపే మొదలుపెడతాను. క్యాంపింగ్‌కి ఎలాగూ అవసరమే.

మార్చి 6, గురువారం

ఆవిడ తొమ్మిదింటికి ఆఫీసుకి వెళ్ళింది. బండి పక్కనుంచే వెళ్ళాలి, వేరే దారి లేదు. బండి అక్కడ లేనట్టే వెళ్ళింది. ఆవిడ పనిచేసేది రికార్డుల గదిలో. ఊళ్ళో సగం మంది కాగితాలు ఆవిడ బీరువాల్లో ఉన్నాయి. ఇరవై ఏళ్ళలో ఒక్క కాగితంలో ఏముందో నాకు చెప్పలేదు. నేను అడగనిదీ లేదు. "పోనీ పేర్లు చెప్పకుండా చెప్పు" అని బతిమాలినా లేదు. అలాంటి మనిషికి నన్ను కట్టబెట్టినవాళ్ళని అనాలి.

నా పని వేరు. కటింగ్ చేసేవాడికి కత్తెర ఆడుతున్నంతసేపూ నోరు ఆడాలి. నోరు మూసుకుని కటింగ్ చేస్తే కుర్చీలో మనిషికి భయమేస్తుంది, చెవి తెగిందేమో అనుకుంటాడు. ఇది వృత్తి ధర్మం. ఇంట్లో దీన్నే నోట్లో నువ్వుగింజ నానదు అంటారు.

సెలూన్‌లో కస్టమర్ల ఒంటి మీద కప్పే నల్ల గుడ్డలు పాతవి ఏడు ఉన్నాయి. మందంగా ఉంటాయి, వెలుతురు రాదు. వాటితో కర్టెన్లు చేస్తానంటే రెండో కుర్చీ పగలబడి నవ్వాడు. రెండో కుర్చీ అంటే మా షాపులో రెండో కుర్చీ దగ్గర పనిచేసేవాడు. పదేళ్ళుగా అదే పేరు.

"అన్నా, మీ బండి మొత్తానికి కటింగ్ చేస్తున్నట్టుంటది."

"నువ్వు నీ కుర్చీ చూసుకో."

"వదిన ఎట్లా ఉంది?"

చూశారా, వీడికి కూడా తెలుసు. వీడికి చెప్పానా? చెప్పి ఉంటాను. సరే, రెండో కుర్చీని మనిషి కింద లెక్కేస్తే ఇద్దరికి చెప్పాను. ఇద్దరే.

మార్చి 8, శనివారం

బండికి మేకులు కొట్టలేం. లోపలి పైకప్పంతా ప్లాస్టిక్కు, అయస్కాంతాలు అంటుకోవు. అవి కొని తెచ్చాక తెలిసింది. చివరికి పైన చేత్తో పట్టుకునే పిడులుంటాయి కదా, వాటికి కర్టెన్ స్ప్రింగ్ సాగదీసి కట్టాను. ఎడమ పక్క రెండు కిటికీలు, కుడి పక్క రెండు, వెనకద్దం ఒకటి, ముందు సీట్ల వెనక అడ్డంగా ఒకటి. మొత్తం ఆరు.

టేపు తెచ్చుకోలేదు. ఇరవయ్యారేళ్ళుగా తలకాయలు కంటితోనే కొలుస్తున్నాను, కిటికీలు ఒక లెక్కా?

మార్చి 9, ఆదివారం

ఆదివారం షాపులో ఊపిరాడదు. మధ్యాహ్నం గంటసేపు తీరిక దొరికితే బండిలో కూర్చుని గుడ్డలు కత్తిరించాను.

ఎడమ పక్కదీ కుడి పక్కదీ పక్కపక్కన పెట్టి చూశాను. కుడి పక్కది ఒక వేలు పొడుగనిపించింది. తీశాను. అప్పుడు ఎడమ పక్కది పొడుగైంది. దాన్ని తీశాను. మళ్ళీ కుడి పక్కది కాస్త వంకరగా ఉంది. సరిచేశాను. చెంపలు సమానం చేసేటప్పుడు ఇలాగే చేస్తాం, చెయ్యి దానంతటదే పోతుంది. చివరికి నాలుగూ అచ్చు గుద్దినట్టు సమానంగా వచ్చాయి. తగిలించి చూస్తే కిటికీకి నాలుగు వేళ్ళు పొట్టి.

జుట్టయితే "నెలాగి రండి, పెరుగుతుంది" అని పంపించేస్తాను.

మార్చి 10, సోమవారం

పొట్టివైనా సరే అని మూసుకుని పడుకున్నాను. పొద్దున మాస్టారు వంగి, ఆ నాలుగు వేళ్ళ సందులోంచి చూసి, "ఏమయ్యా, మీ ఆవిడకి రిపోర్టు ఎప్పుడొస్తుంది?" అని అడిగాడు.

పరువు కాపాడుకోడానికి కర్టెన్లు కట్టుకున్నవాణ్ణి అడగాల్సిన ప్రశ్నేనా ఇది? ఈయనకి మైకే చెప్పి ఉంటుంది. మైకుకీ ఈయనకీ పరిచయం ఎక్కడిదని మాత్రం అడక్కండి. కిందటి వారం గడ్డం గీయించుకోడానికి వచ్చాడు, అది మాత్రం గుర్తుంది.

మార్చి 12, బుధవారం

ఆవిడ మాట్లాడింది. ఆఫీసుకి వెళ్తూ ఆగి, బండిని కింది నుంచి పైకి చూసి, "పొట్టిగా ఉన్నాయి" అంది. రెండు మాటలు. లెక్కపెట్టుకున్నాను.

మార్చి 13, గురువారం

ఏమీ అనలేదు.

మార్చి 14, శుక్రవారం

ఇంటి వైపు కిటికీ కర్టెన్ ఒక మూల పైకి మడిచి క్లిప్పు పెట్టాను. గాలి కోసం మడిచాను. అక్కణ్ణుంచి మా వంటింటి కిటికీ కనపడితే అది నా తప్పు కాదు.

ఆవిడ ఏడింటికి దీపం వేసింది. ఒక కప్పు కడిగింది. ఒక కప్పే. తర్వాత ఎడమ చెయ్యి పైకెత్తి అరలోంచి ఏదో తీయబోయి, నొప్పి పుట్టిందేమో, దించేసింది. ముక్క తీసింది ఎడమ పక్కే. కుడి చేత్తో స్టూలు లాక్కుని, ఎక్కి, తీసుకుంది. పై అరలో సామాను పెట్టేది నేను. నా ఎత్తుకి తగ్గట్టు పెడతాను. పెట్టేటప్పుడు ఎప్పుడూ ఆలోచించలేదు.

గాలి కోసం మడిచానన్నది అబద్ధం. ఇది నా పుస్తకమే కదా, ఇక్కడ కూడా ఎందుకు అబద్ధాలు?

మార్చి 15, శనివారం

షాపుకి ఎవరో కొత్తాయన వచ్చాడు. పళ్ళ డాక్టరట. కుర్చీలో కూర్చుంటూనే, "మీ మిసెస్‌కి ఎలా ఉందండీ? మా పక్కింటాయన చెప్పాడు, ఆయన మీ కస్టమరట" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన కటింగ్ అయ్యేదాకా నేను నోరు విప్పలేదు. ఆయన అద్దంలో రెండుసార్లు చెవి చూసుకున్నాడు.

సాయంత్రం అపాయింట్‌మెంట్ల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ముక్క తీసిన వారంలో ఎవరెవరు వచ్చారో, ఎవరికి ఏం చెప్పానో గుర్తు తెచ్చుకుంటూ ఒక్కో పేరు పక్కన చుక్క పెట్టాను. అక్కయ్య. రెండో కుర్చీ. మాస్టారు. గ్యాసు బండ తెచ్చేవాడు. ఇన్సూరెన్సు ఏజెంటు. అన్నదమ్ములిద్దరు కలిసి వచ్చారు, వాళ్ళకి. ఎదురు మందుల షాపాయన. బస్సు కండక్టరు. ఎప్పుడూ నవ్వని లెక్కల లెక్చరర్, ఆయనకి రెండుసార్లు. ఇంకొకాయన, ఎవరో తెలియదు, బస్సుకి టైముందని కూర్చున్నాడు. తెలియని మనిషికి చెప్తే చెప్పినట్టు కాదనుకున్నాను.

పదకొండు మంది. ఒక్క మనిషి, ఒక్క మనిషి అని పది రోజులుగా రాస్తున్నాను.

నాకు భయమేసింది. ఆస్పత్రిలో ఆ సూది చూసినప్పటి నుంచి భయం. భయమేస్తే నేను మాట్లాడతాను. ఎదుటివాళ్ళు "ఏం కాదులే" అంటారు కదా, ఆ మాట కోసం. పదకొండు మంది అన్నారు. ఒక్కొక్కరు అన్నప్పుడల్లా ఒక గంట తేలిగ్గా ఉండేది. ఆ గంట కోసం ఆవిడ సంగతి ఆవిడని అడక్కుండా పంచిపెట్టాను. భయపడాల్సిన మనిషి ఇంట్లో నోరు మూసుకుని పప్పులు, ఉప్పులు సర్దుకుంటూ కూర్చుంది.

మార్చి 17, సోమవారం

క్షమాపణ చెప్పడానికి తలుపు కొట్టాను. సగం తీసింది. మొదలుపెట్టాను. నా చిన్నప్పటి నుంచి మొదలుపెట్టాను. మా నాన్న షాపు, నేను మాట్లాడటం ఎలా నేర్చుకున్నది, భయం, ఆస్పత్రి, సూది.

"మీరు క్షమాపణ కూడా ఉపన్యాసంలా చెప్తారు" అంది.

నోరు మూశాను.

"మీ అక్కయ్య కాకుండా ఇంకెంతమందికి చెప్పారు?"

ఇద్దరని చెప్పొచ్చు. ముగ్గురన్నా నమ్మేది.

"పదకొండు. అక్కయ్యతో కలిపి."

ఆవిడ మొహం ఎర్రబడలేదు. తెల్లబడింది.

"పిల్ల ఫోన్‌లో నన్ను ఏమడిగిందో తెలుసా మీకు? 'నాకెందుకు చెప్పలేదమ్మా, నేనేమైనా పరాయిదాన్నా' అంది. నా కూతురికి నా ఒంటి సంగతి నా నోటితో చెప్పుకునే వీలు కూడా లేకుండా చేశారు. బస్సు కోసం కూర్చున్నవాడికి ముందు తెలిసింది."

బస్సు కోసం కూర్చున్నవాడి గురించి కూడా చెప్పేశానన్నమాట. అది కూడా ఆపుకోలేకపోయాను.

తలుపు మెల్లగా వేసింది. దబాల్న వేసి ఉంటే బాగుండేది.

మార్చి 18, మంగళవారం

షాపులో ఎవరితోనూ మాట్లాడలేదు. పంటి నొప్పి అనుకుని ముగ్గురు లవంగం పెట్టుకోమన్నారు. ఎవరైనా "ఇంట్లో ఎలా ఉన్నారు?" అంటే, "తల కాస్త వంచండి" అన్నాను. అది అన్నిటికీ పనికొచ్చే జవాబని ఇన్నేళ్ళలో తెలియలేదు.

మార్చి 19, బుధవారం

సెలవు పెట్టి కర్టెన్ల పని చూశాను. ఈసారి టేపుతో. పెన్సిల్ గీతలు పెట్టుకుని. గడ్డం తుడిచే తెల్ల తువ్వాళ్ళని నాలుగు వేళ్ళ పట్టీలుగా కోసి, నల్ల గుడ్డల కింది అంచుకి చేత్తో కుట్టాను. వేళ్ళలో సూది పద్నాలుగుసార్లు దిగింది. నల్ల గుడ్డ, తెల్ల అంచు. వీధి చివర నుంచి చూస్తే మా బండి లాయరులా ఉంది.

కింది అంచు ఎగరకుండా పక్కలకి వెల్‌క్రో పట్టీలు వేశాను, ఆ గుడ్డల మెడ దగ్గర ఉండేవే. వెనకద్దం దగ్గర మూల చిన్న సందు వస్తోంది. దానికి రెండో పొర వేశాను. దిగి, బండి చుట్టూ తిరిగి, అన్ని అద్దాల్లోంచీ వంగి చూశాను. ఏమీ కనపడలేదు. మాస్టారు కూడా వచ్చి చూశాడు. "ఏమీ కనపడటం లేదయ్యా" అన్నాడు, నేనేదో ఆయన పెన్షన్ ఆపించినంత దిగులుగా.

వంటింటి వైపు క్లిప్పు తీసేశాను. అది కూడా తొంగి చూడటమే కదా.

మార్చి 20, గురువారం

సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఆవిడ బండి దగ్గర ఆగింది. తలుపు తీసి లోపలికి ఎక్కింది. నేను పరుపు మీద కూర్చుని టీ తాగుతున్నాను. ఎక్కడ పెట్టాలో తెలియక కప్పు పట్టుకునే ఉన్నాను.

ఒక్కో కర్టెన్ లాగి చూసింది. వెల్‌క్రో అంటించి చూసింది. నా కుట్టు మీద వేలు పెట్టి, వంకరగా ఉన్న చోట ఆగింది.

"పూర్తిగా మూసుకుంటాయా?"

"మూసుకుంటాయి."

"సందులోంచి కనపడదుగా?"

"కనపడదు. చూశాను."

కాసేపు తెల్ల అంచు సవరిస్తూ కూర్చుంది. ఇంకో రోజైతే ఆ కాసేపట్లో నేను మూడు కథలు చెప్పేవాణ్ణి.

"రేపు ఆస్పత్రి హాల్లో మీ వాళ్ళంతా ఉంటారు. తారీఖు అందరికీ తెలుసుగా. వాళ్ళ ముందు ఏడవలేను. నవ్వాల్సొచ్చినా నవ్వలేను. ఏదొచ్చినా మొహం దాచుకోడానికి నాకొక చోటు కావాలి. బండి తీసుకురండి. పదింటికి."

"నేను లోపలికి..."

"మీరు బండి దగ్గరుండండి."

దిగి వెళ్ళిపోయింది. టీ చల్లారిపోయింది. ఆవిడ నన్ను రమ్మందా, బండిని రమ్మందా అని అరగంట ఆలోచించాను. బండినే. ఫరవాలేదు, బండికి డ్రైవరు కావాలి కదా.

మార్చి 21, శుక్రవారం

ఆస్పత్రి వెనక వైపు, గోడవారగా నీడ ఉన్న చోట బండి పెట్టాను. ఆవిడ ఒక్కతే లోపలికి వెళ్ళింది. అద్దాల తలుపుల్లోంచి హాలు కనపడుతోంది. మైకు ముందు వరసలోనే కూర్చుంది, రెండు ఫ్లాస్కులతో. పక్కన మా పెద్దమ్మ కూతుళ్ళిద్దరు. సినిమాకి వచ్చినట్టు ముందే వచ్చి సీట్లు పట్టారు.

యాభై నిమిషాలు పట్టింది. బయటికి వచ్చినప్పుడు ఆవిడ మొహంలో ఏమీ లేదు, రికార్డుల గది తలుపులా. వెనక మైకు, ఆ వెనక మిగతా ఇద్దరూ. ఆవిడ నడక ఆపలేదు. వచ్చి, బండెక్కి, పరుపు మీద కూర్చుని, "మూయండి" అంది.

ఆరూ మూశాను. వెల్‌క్రో నొక్కాను. లోపల చీకటి. ఇక దిగబోతుంటే నా చొక్కా పట్టుకుంది.

"మీరుండండి."

ఉన్నాను. కాగితం ఒళ్ళో పెట్టుకుని చెప్పింది. నాలుగైదు మాటలే. చెప్పాక ఆవిడ మొహం ఎలా ఉండాలో అలా ఉండనిచ్చింది. నా మొహం కూడా. నేను ఏం కాదులే అనలేదు, అయ్యో అనలేదు, మంచిది అనలేదు. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు.

అద్దం మీద టకటక. అక్కయ్య.

దిగి, తలుపు వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాను.

"ఏమన్నార్రా? మంచా, చెడా? నీ మొహం చూస్తే ఏమీ తెలియట్లేదు."

"నీ మరదలు చెప్తుంది అక్కయ్యా. దానికి ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు."

"నాక్కూడా చెప్పవా? పొద్దున్నుంచీ పడిగాపులు పడి ఉన్నాం!"

"కాళ్ళు నొప్పి పుట్టి ఉంటాయి. ఇంటికెళ్ళి పడుకో."

"నీకేం రోగం వచ్చిందిరా? ఎప్పుడూ ఇట్లా లేవు నువ్వు!"

నిజమే, లేను. నోటి దాకా వచ్చింది. చెప్పేస్తే ఎంత తేలికో నాకు తెలుసు, ఆ తేలిక రుచి కూడా తెలుసు. పళ్ళు బిగబట్టుకున్నాను. అక్కయ్య నన్ను ఎగాదిగా చూసి, ఒక ఫ్లాస్కు నా చేతిలో పెట్టి వెళ్ళింది. అలిగినా టీ మాత్రం ఇచ్చింది, పిచ్చి తల్లి.

తలుపు కొంచెం తెరుచుకుని ఆవిడ చెయ్యి బయటికి వచ్చింది. "ఫోన్ ఇవ్వండి. నాదాంట్లో చార్జింగ్ లేదు. పిల్లకి చెప్పాలి."

ఇచ్చాను. తలుపు మూసి ఇరవై అడుగులు నడిచి, గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అక్కణ్ణుంచి మాటలు వినపడవు. మధ్యలో కర్టెన్ ఒకసారి కదిలింది. తల తిప్పేసుకున్నాను. తల్లీకూతుళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఫ్లాస్కులో టీ అంతా నేనే తాగేశాను.

రిపోర్టులో ఏముందో నాకు తెలుసు. ఆవిడకీ, పిల్లకీ, డాక్టరుకీ, నాకూ తెలుసు. ఈ పుస్తకంలో రాయను. ఇవాళ ఇంట్లో పడుకుంటున్నానో, బండిలో పడుకుంటున్నానో, అదీ రాయను.